మూడు కండెలు

షాహెదా పోయింది బుధవారం పొద్దున. ప్లేగుకు భయపడి గల్లీ గల్లీ అంతా గద్వాల విడిచి జొన్నచేలలో గుడిసెలు వేసుకున్న ఆరో రోజు అది. తొమ్మిదేళ్ల పిల్ల. జ్వరం వచ్చిన మూడు రోజులకే పోయింది. చివరికి నీళ్లడిగిందని, తెచ్చేలోపలే కళ్లు మూసిందని తల్లి సకీనాబీ చెప్పింది. అంతకు మించి ఎవరికీ ఏమీ చెప్పలేదు. అడగడానికి ఆ గుడిసె దగ్గరికి ఎవరూ పోలేదు కూడా.

ఈ కథ కిందటి వారం భాగంలో ఆ గుడిసెను మనం దూరం నుంచే చూశాం. వరసలో అన్నిటికన్నా చివర, వాగు ఒడ్డున ఉంటుంది. మిగతా గుడిసెలకూ దానికీ నడుమ ఒక మడి ఖాళీగా పడి ఉంది. ఆ ఖాళీని ఎవరూ గీత గీసి విడవలేదు. గల్లీలో మొదటి ఎలుక షాహెదా తండ్రి ఖాజా మియా ఇంట్లోనే పడింది కదా అనుకున్నారు. ఆయన జట్కా రోజూ స్టేషనుకు పోయి ఎక్కడెక్కడివాళ్లనో ఎక్కించుకొస్తుంది కదా అని కూడా అనుకున్నారు. అనుకున్న కొద్దీ ఒక్కొక్కరే తమ వాసాలు పీకి కొంచెం ఇవతల పాతుకున్నారు. మడి నడుమ బావి ఉంది. ఆ బావి నీళ్లు అందరూ తోడుకుంటారు, ఖాజా మియా తప్ప. ఆయన కావడి వేసుకుని వాగులో చెలమ తీసి ముంచుకుంటున్నాడు. రావద్దని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆయన వచ్చినప్పుడు చేద మాత్రం కనబడకుండా పోయేది.

అయితే మొదటి ఎలుక ఖాజా మియా ఇంట్లో పడలేదు. ఆ సంగతి ఆ చేలలో ఒక్క మనిషికే తెలుసు. ఆమె కౌసల్యమ్మ, ఖాజా మియాకు గోడ పక్కనున్న సాలె ధర్మయ్య భార్య.

అది సోమవారం జరిగింది. ఊరు విడవడానికి మూడు రోజుల ముందు.

నేతవాళ్ల ఇంట్లో ఎలుక కొత్త కాదు. పడుగుకు పట్టించిన గంజి వాసనకు అవి మరుగుతాయి. పొద్దున్నే లేచి నూలు ఎక్కడైనా కొరికిందా అని చూసుకోవడం ఆడవాళ్ల మొదటి పని. కాని ఆ రోజు కౌసల్యమ్మకు కనబడ్డది కొరికిన పోగు కాదు. రాట్నం పక్కన, వెలుతురు పడే చోట, ఒక ఎలుక పక్కకు ఒరిగి ఉంది. పిల్లి పన్ను గాటు లేదు. కర్ర దెబ్బ లేదు. డప్పు కొట్టి చాటింపు వేయబట్టి అప్పటికి వారమైంది. ఎలుక దానంతట అది చచ్చి పడితే వెంటనే దవాఖానలో చెప్పవలె, ఆ ఇల్లు ఆ పూటే ఖాళీ చేయవలె, ఎండ పడేటట్టు పెంకులు తీసి తలుపుకు తాళం వేస్తారు అని. కౌసల్యమ్మ ఆ మాట రెండు చెవులా విన్నది.

కాని మగ్గం మీద చీర ఉంది. ఆదివారం నాడే కొంగు ఎక్కింది. వనపర్తిలో ఎవరో పెళ్లికూతురికి ఎర్రపట్టు కొంగు. కొంగు ఎక్కిన పెళ్లిచీరను మగ్గం మీద విడిచి నేతవాళ్లు ఇల్లు కదలరు. అట్లాంటి చీర కడితే ఆ పెళ్లికూతురికి మంచిది కాదంటారు. కౌసల్యమ్మకు ఈ మాట చెప్పింది అత్తగారు. ఆమెకు వాళ్ల అత్తగారు. గుంట మగ్గాన్ని పెకలించి ఇంకో చోటికి మోసుకుపోయే వీలు లేదు. ఇంకా నాలుగు జానల కొంగు మిగిలింది. రోజుకు జానెడు నేస్తాడు ధర్మయ్య. నాలుగు రోజులు.

పొయ్యి దగ్గరి పట్టకారు తెచ్చి ఎలుకను ఎత్తింది. చింకి గుడ్డలో చుట్టి పెంటకుప్పలో పూడ్చింది. చేతులు కడుక్కుని వచ్చి రాట్నం కింద పేడతో అలికింది. ఆ అలుకు ఆరిందో లేదో షాహెదా లంగా ఎగజెక్కుకుని వచ్చి ఆ చోటే కూర్చుంది, రోజూలాగా కండెలు చుట్టడానికి. పడుగు నడుమ అటూ ఇటూ ఆడే నాడెలో పెట్టే ఆ చిన్న పుల్లలకు పట్టు చుట్టడంలో కౌసల్యమ్మ కూతురు భూలక్ష్మి కన్నా ఆ పిల్ల చెయ్యే చురుకు.

ముఖమైనా చూడని వనపర్తి పిల్లకు కీడు కాకూడదని కౌసల్యమ్మ అనుకుంది. పక్కింటి పిల్ల ఆమె తలపుకే రాలేదు.

గురువారం తెల్లవారి ఖాజా మియా ఇంట్లో రెండు ఎలుకలు పడ్డాయి. ఆయన జట్కా కట్టకుండానే దవాఖానకు నడిచి పోయి చెప్పాడు. మధ్యాహ్నానికి గల్లీ ఖాళీ అయింది. చీర మగ్గం మీదే ఉండిపోయింది. ఇంకా జానెడు కొంగు.

*

షాహెదా పోయిన నాలుగో రోజు ఆదివారం. పొద్దు నెత్తి మీంచి కొంచెం దిగింది.

ధర్మయ్య గుడిసె ముందర గడ్డపారతో గుంట తవ్వుకుంటున్నాడు. మోకాలి లోతు తవ్వి, అంచు మీద కూర్చుని, కాళ్లు లోపలికి విడిచి చూసుకున్నాడు. పన్నెండేళ్ల వయసు నుంచి మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్న మనిషి. చదును నేల మీద ఎట్లా కూర్చున్నా ఆయనకు నడుము నిలవడం లేదు.

పక్క గుడిసె తిరుపతమ్మ జొన్నలు చెరుగుతూ చూసింది. ఆమె నోటికి గల్లీలో ఎదురు లేదు.

"ఏం ధర్మన్నా, గుంత నీకు నువ్వే తవ్వుకుంటున్నవు? దవాఖాన జవానుకు తక్లీఫ్ ఎందుకనా?"

"నీకు గూడ తవ్వుదామనుకున్న గాని వదినా, నీ మందాన తవ్వాల్నంటె గడ్డపార ఆగుతలేదు."

తిరుపతమ్మ నవ్వింది. ధర్మయ్య నవ్వాడు. గుడిసె లోపల కౌసల్యమ్మ నవ్వలేదు. భూలక్ష్మి పొద్దుటి నుంచి బొంత కప్పుకుని పడుకునే ఉంది. జోడు పిల్ల పోయిందని దిగులు పడుతున్నదని తల్లి అనుకుంది. అనుకోవడానికి అదే బాగుంది.

"లే బిడ్డా. జర గట్క తాగు."

"సలి వెడ్తుందమ్మా."

"ఎండల కూసో. పోతది."

భూలక్ష్మి బయటికి వచ్చి తండ్రి తవ్విన గుంట పక్కన కూర్చుంది. ఎండలో కూడా బొంత విడవలేదు.

తిరుపతమ్మ చేట ఆపింది. "అగో, ఆమెటు వస్తున్నది?"

ఖాళీ మడిలో నుంచి సకీనాబీ నడిచి వస్తున్నది. బావి దాటింది. ఆమె వస్తున్న కొద్దీ గుడిసెల ముందర ఆడుకునే పిల్లల్ని తల్లులు లోపలికి పిలుచుకున్నారు. తిరుపతమ్మ చేట చంకన పెట్టుకుని లేచింది.

"పోయినోళ్లను పోనిచ్చి ఉన్నోళ్ల మీద వడాల్నా?" అని ఆమెకు వినబడేటట్టే అని, లోపలికి పోయి తడిక వేసుకుంది.

సకీనాబీ ఆ మాట విన్నది. విననట్టే నడిచింది. ధర్మయ్య గుడిసెకు పదడుగుల దూరంలో ఆగింది.

"కౌసల్యక్కా, దగ్గరికి రాను. ఈడనే నిలవడ్త. మీరు నమ్మి ఇచ్చిన అమానతు ఒకటి నా తాన ఉండిపాయె."

కౌసల్యమ్మ బయటికి వచ్చింది. సకీనాబీ కొంగు ముడి విప్పి ఒక చిన్న మూట తీసి, నడుమనున్న రాయి మీద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగింది. ముఖం వాడిపోయింది గాని తల శుభ్రంగా దువ్వుకుంది.

"ఏందది సకీనా?"

"మూడు కండెలు. మీ ఎర్రపట్టు. ఇంటికాడ చుట్టుకొస్త అని బుధారం మాపటికి తీస్కొచ్చిందంట. తెల్లారి మనల ఎల్లగొట్టిరి. లంగ బొడ్ల దోపుకోనే ఉన్నది. ఎవ్వరికియ్యలె. భూలక్ష్మి చేతికిస్తె అది సాపుగ చుట్టదు, కొంగయ్యేదాంక నేనే చుట్టాలె అన్నదమ్మా జ్వరంల గూడ." సకీనాబీ ఆగింది. "మూడో దినం గోరికాడ జియారత్ అయినంక దాని బట్టలన్ని కాలవెట్టుమన్నరు. కాలవెట్టిన. గివి మాత్రం వెట్టబుద్ధి కాలె. మనది గానిది కద. నీళ్లల్ల ఉడకవెట్టిన. ఎండల వెట్టిన. భయమేం లేదు. రంగు జర ఎలిసింది. గంతే."

కౌసల్యమ్మ రాయి వైపు చూసింది. ముందుకు పోలేదు. ఆ మూట ముట్టుకోవడానికి తనకు ఏ హక్కూ లేదని ఆమె కాళ్లకు తెలిసిపోయింది. సకీనాబీ దాన్ని వేరే విధంగా అర్థం చేసుకుంది.

"ముట్టుడు భయమైతె కట్టెతోని జరుపుకో. నాకేం బాధ లేదు."

"గట్ల గాదు సకీనా."

"ఇంకోటి గూడ చెప్పాల్నని వచ్చిన." ఆమె కొంగు నిండా కప్పుకుంది. "ఎలుకలు కనవడ్డ పొద్దున మా ఆయన ఒక్క గడియ ఆగలె. గుర్రానికి మేత గూడ వెయ్యక ఉరికిండు. ఐనా మా ఇంట్లకెళ్లే గల్లీకి అంటిందంటుండ్రు. అయ్యుంటది. రైలుకాడ ఎవరెవరు ఎక్కుతరో మాకేం ఎరుక? మీ మగ్గం ఆగిపాయె. పెండ్లిచీర ఆగిపాయె. పదేండ్లు గోడకు గోడ ఉన్నం. మా మీద మనసుల ఏం వెట్టుకోకు అక్కా. మాఫ్ చెయ్యి."

తన పిల్లను మట్టిలో పెట్టి నాలుగు రోజులు కాని మనిషి, చేతులు జోడించి నిలబడింది.

 ఆ చేతులు దించమని కౌసల్యమ్మ చెప్పాలనుకుంది. చెప్పాలంటే ఒక్కటే మాట ఉంది. పదమూడు రోజులుగా ఆమె ఆ మాటను అన్నంతో పాటు మింగుతున్నది.

"సకీనా, మొదటి ఎలుక మీ ఇంట్ల పడలే."

"ఏందీ?"

"మా ఇంట్ల పడ్డది."

గుంట అంచున కూర్చున్న ధర్మయ్య తల ఎత్తాడు.

సకీనాబీ జోడించిన చేతులు అట్లాగే ఉన్నాయి. "ఎన్నడు?"

"సోమారం. పొద్దుగాల."

"మా ఇంట్ల బేస్తారం పడ్డది."

"అవు."

"సోమారం, మంగళారం, బుధారం," అన్నది సకీనాబీ. ఆమె గొంతులో కోపం లేదు. దారి తెలియని ఊళ్లో దారి అడిగే మనిషిలాగా ఉంది. "ఆ మూడొద్దులు నా పిల్ల మీ ఇంటికి వచ్చింది."

"వచ్చింది."

"రాట్నం కాడ కూసున్నది."

కౌసల్యమ్మ తల ఊపింది.

"ఎలుక ఏడ పడ్డదక్కా?"

కౌసల్యమ్మ జవాబు చెప్పలేదు. చెప్పకపోవడంతో సకీనాబీకి తెలిసింది. ఆమె చేతులు దిగిపోయాయి.

"కొంగు ఎక్కింది సకీనా," అన్నది కౌసల్యమ్మ. "నాలుగొద్దుల పని ఉండె. ఆ పెండ్లిపిల్లకు కీడైతదని..."

ఆ మాట బయటికి వచ్చాక ఎంత చిన్నదో ఆమెకే వినబడింది. మిగతాది ఆపేసింది.

సకీనాబీ ఏడవలేదు. అరవలేదు. రాయి దగ్గరికి వచ్చి మూట తీసుకుని తిరిగి కొంగున ముడి వేసుకుంది. ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూసుకుంది.

"ఇవియ్య," అన్నది. "ఇగ ఇవి మీయి గావు."

ఒకడుగు పోయి మళ్లీ తిరిగింది.

"నా పిల్లను తెమ్మని నిన్ను అడుగుతలేను. అది నీ చేతిల లేదు. నా మొగడు వాగుకు పోయి చెలమ తోడుతుండు. పిల్లను పాతిపెట్టిన నాడు గూడ ఆయినకు ఎవ్వరు చేద ఇయ్యలె. పొద్దుగూకంగ హాజరుకు జవాను వస్తడు కద. అందరు నిలవడ్తరు. నాకు చెప్పిన మాట ఆడ చెప్పు. నేను చెప్తె ఎవరు నమ్ముతరు? నువ్వే చెప్పాలె."

వచ్చిన దారినే ఖాళీ మడిలో నడిచి పోయింది. కౌసల్యమ్మ ఆమె బావి దాటేదాకా చూస్తూ నిలబడింది.

*

ధర్మయ్య గుంటలో నుంచి కాళ్లు తీయలేదు. భార్య వచ్చి ఎదురుగా కూర్చుంది.

"నాకెందుకు చెప్పలే?" అన్నాడు.

"చెప్తె కొంగు నేస్తువా?"

"నేయకపోతుంటి."

"అందుకే చెప్పలే."

ఆయన మట్టిగడ్డ ఒకటి వేళ్లతో నలిపాడు. "ఆ మూడొద్దులు నేనెంత సంబురంగ నేసిన్నో ఎరుకనా? ఆ పిల్ల కండె అందిస్తుంటె చెయ్యి ఆగలె. చాచా, జల్ది జల్ది అనేది." తల అటు తిప్పుకున్నాడు. "ఇప్పుడు చెప్పుతవా హాజరుల?"

"చెప్పొద్దా?"

"చెప్తె మన వాసాలు గూడ వాగు కాడికి పీకిస్తరు. మన పిల్లకు చేద దొరకదు."

"వాళ్ల పిల్లకు దొరకలె."

ధర్మయ్య గడ్డపార తీసి పక్కన పెట్టాడు. "నీ ఇష్టం," అన్నాడు. "చెప్పేటప్పుడు నేను పక్కన ఉంట."

భూలక్ష్మి అంతా విన్నది. ఎంత అర్థమైందో తెలియదు. "అమ్మా, షాహెదా కండెలు సకీనాచాచి ఇయ్యదా?" అని అడిగింది. తరువాత బొంత ఇంకా దగ్గరికి లాక్కుని గుడిసె వాసానికి ఒరిగింది.

*

పొద్దు గుంకడానికి ముందు దవాఖాన జవాను వచ్చాడు. చంకలో రిజిస్టరు, నోటికి గుడ్డ. ఆయన కేక వేయగానే గుడిసెల ముందర మనుషులు వరస కట్టారు. ప్రతి మాపటికీ జరిగేదే. ఇంటి యజమాని పేరు పిలుస్తాడు, తలలు లెక్క పెట్టుకుంటాడు, తరువాత అందరూ రెండు చేతులూ పైకి లేపాలి. చంకలో గడ్డ ఉన్నవాడికి ఆ చెయ్యి లేవదు. లేవని వాళ్లను బండి ఎక్కించి దూరంగా కట్టిన రోగుల గుడిసెలకు తీసుకుపోతారు. అక్కడి నుంచి ఇప్పటిదాకా ఇద్దరు తిరిగి వచ్చారు. అక్కడికి పోయినవాళ్లు పదకొండు మంది.

పిల్లలకు మాత్రం అది ఆటగా ఉండేది. ఎవరి చేతులు ఎక్కువ ఎత్తు పోతాయో అని పందెం. మునివేళ్ల మీద లేచేవాళ్లు. మొదటి రెండు రోజులు షాహెదాయే గెలిచింది.

వరస చివర, ఖాళీ మడికి అవతల, ఖాజా మియా సకీనాబీ ఇద్దరే నిలబడ్డారు. ఖాజా మియా తల వంచుకుని ఉన్నాడు. సకీనాబీ తల వంచుకోలేదు. కౌసల్యమ్మ వైపే చూస్తున్నది.

కౌసల్యమ్మ చెప్పవలసిన మాటను లోపల వరసగా పేర్చుకుంది. మొదటి ఎలుక మా ఇంట్ల పడ్డది. నేనే దాచిన. ఖాజా మియాది తప్పు లేదు. మూడు ముక్కలు. జవాను తమ దగ్గరికి రాగానే చెప్పేయాలి. ఆలస్యమైతే మళ్లీ నోరు రాదు.

"చేతులు లేపుండ్రి!"

చేతులన్నీ లేచాయి. తిరుపతమ్మ గాజులు మోచేతుల దాకా జారాయి. ధర్మయ్య లేపాడు. కౌసల్యమ్మ లేపి, పక్కకు చూసింది.

భూలక్ష్మి కుడి చెయ్యి పైకి లేచింది. ఎడమ చెయ్యి భుజం దాకా వచ్చి ఆగింది. పిల్ల ముఖం ముడుచుకుని, పళ్లు కరిచి, ఇంకా లేపడానికి చూస్తున్నది. లేవలేదు.

జవాను ఇంకా రెండు గుడిసెల అవతలే ఉన్నాడు. తిరుపతమ్మ ఇటు చూడలేదు. ధర్మయ్య చూశాడు. చూసిన మరుక్షణమే చేతులు దించి, తన భుజం మీది శెల్లా తీసి కూతురికి మెడ నుంచి కింది దాకా కప్పేశాడు.

"నీళ్లకుండ మోసింది, చెయ్యి వట్టుకున్నది అను," అన్నాడు పెదవులు కదలకుండా. "కౌసల్యా, అను. ఆ బండి ఎక్కితె మన పిల్ల మల్ల రాదు."

జవాను తిరుపతమ్మ గుడిసె ముందర నిలబడి రిజిస్టరులో గీత కొట్టాడు.

కౌసల్యమ్మ ఖాళీ మడి అవతలికి చూసింది. సకీనాబీ చేతులు ఇంకా పైకే ఉన్నాయి. ఆ పిల్ల చెయ్యి ఆమె కూడా చూసింది. షాహెదా చెయ్యి కూడా చివరి రాత్రి, హాజరు అయ్యాక, అట్లాగే ఆగిపోయింది; లేవని చెయ్యి ఎట్లా ఉంటుందో ఆ చేలలో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. కాని ఆమె కేక వేయలేదు. వేలు చూపలేదు. కొంగున కట్టిన ముడి మీదికి ఒక చెయ్యి దించి పట్టుకుంది, అంతే.

శెల్లా కింద భూలక్ష్మి ఒళ్లు కాలుతున్నది. కౌసల్యమ్మకు రాట్నం పక్కన తాను అలికిన చోటు గుర్తుకొచ్చింది, ఆరీ ఆరని పేడ వాసనతో సహా.

ఆమె వంగి కూతురి మీది శెల్లా తీసేసింది. ధర్మయ్య చెయ్యి అడ్డం పెట్టబోయి ఆగిపోయాడు. ఆమె పిల్లను తన ముందరికి తెచ్చుకుని, రెండు చేతులూ పిల్ల భుజాల మీద వేసి నిలబడింది.

జవాను వాళ్ల ముందరికి వచ్చాడు. "ధర్మయ్య. ముగ్గురు," అని చదివి, పిల్లను చూసి, రిజిస్టరు మీంచి తల ఎత్తాడు. "ఏందమ్మా?"

వరసంతా ఇటు తిరిగింది.

కౌసల్యమ్మ చెప్పవలసిన మాటలు ఇప్పుడు రెండున్నాయి, ఎలుకది ఒకటి, పిల్ల చెయ్యిది ఒకటి. రెండూ ఇంకా చెప్పలేదు.